బంతి ఎత్తినవాళ్ళు

దస్తగిరి సారు మాటకు మునీంద్ర ఏనాడూ ఎదురు చెప్పలేదు. పరిగెత్తమంటే పరిగెత్తాడు, ఆగమంటే ఆగాడు. తను ఆడే రోజులు పోయి, ఇప్పుడు సారు పక్కన నిలబడి ఆడపిల్లలకు వాలీబాల్ నేర్పుతున్నా అదే వరస. కానీ ఆ ఏడు ఒక్క విషయం మాత్రం అతని గొంతుకు అడ్డం పడింది.

జట్టులో లిఫ్టర్‌గా ఎవర్ని దింపాలన్నదే ఆ విషయం.

ఆట తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. అవతలినుంచి వచ్చిన బంతిని మనవాళ్ళలో ఒకరు ముంజేతుల మీద ఆపి పైకి లేపుతారు. దాన్ని లిఫ్టర్ వేళ్ళ కొసలతో అందుకుని నెట్టు పక్కన గాలిలోకి ఎత్తుతుంది. స్మాషర్ ఎగిరి అవతలి నేలకేసి కొడుతుంది. జనం చప్పట్లు కొట్టేది ఆ దెబ్బకే. అయితే ఏ బంతి ఎవరికి అందాలి, ఎంత ఎత్తులో అందాలి, ఎప్పుడు అందాలి అన్నది తేల్చేది లిఫ్టర్. జట్టు పగ్గాలు ఆ వేళ్ళ మధ్యే ఉంటాయి.

సారు జట్టులో లిఫ్టర్లు ఇద్దరు. నీలవేణి, ఎస్తేరు.

నీలవేణి బంతి ఎత్తుతుంటే దారిన పోయేవాళ్ళు సైకిలు దిగి నిలబడేవాళ్ళు. ముందుకు ఇస్తున్నట్టు ఒళ్ళంతా వంచి, చివరి క్షణంలో బంతిని తల వెనక్కి వదిలేది. ఒక్కోసారి ఒంటిచేత్తో తోసేది. అవతలి జట్టు ఒకవైపు ఎగిరితే బంతి ఇంకోవైపు ఉండేది. మైదానం చుట్టూ ఈలలే ఈలలు.

ఎస్తేరు ఎత్తితే చూడటానికి ఏమీ ఉండదు. బంతి పైకి పోతుంది, కిందికి వస్తుంది, ఎవరో ఒకరు కొడతారు. ఎస్తేరు ఈ రోజు ఎలా ఆడింది అని అడిగితే, ఎస్తేరు ఆడిందా అని ఎదురు అడిగినవాళ్ళు కూడా ఉన్నారు.

సారు ప్రతి ఆటకూ ఎస్తేరునే దింపేవాడు. నీలవేణి ఆయన పక్కన బెంచీ మీద కూర్చునేది. మధ్యలో కాసేపు పంపేవాడు, మళ్ళీ పిలిచేసేవాడు. ఎందుకో చెప్పేవాడు కాదు. దస్తగిరి సారు ఏ సంగతైనా ఎందుకో చెప్పడం ఎవరూ వినలేదు.

ఆయన హైస్కూల్లో డ్రిల్లు మాస్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. నాన్న, తాత దూది ఏకినవాళ్ళు. ఈయన పాత పత్తి జిన్నింగు మిల్లు వెనక ఖాళీ స్థలంలో రాళ్ళు ఏరి, గుంతలు పూడ్చి, నెట్టు కట్టి, ఊళ్ళో పిల్లలను పోగుచేశాడు. ఆ పిల్లల్లో అందరికంటే పైకొచ్చినవాడు మునీంద్ర. రాష్ట్రం జట్టుకు ఆడాడు. ఆ ఆట వల్లే కరెంటాఫీసులో ఉద్యోగం వచ్చింది. తర్వాత కుడి మోకాలు దెబ్బతిని ఆట మానుకున్నాడు. అయినా అనంతపురం ఫైనల్లో అతను కొట్టిన ఆఖరి స్మాష్ గురించి బస్టాండు టీ అంగడి దగ్గర ఇప్పటికీ చెప్పుకుంటారు. మునీంద్ర అటు పోతే బెంచీ మీద ఎవరో ఒకరు జరిగి చోటిస్తారు.

ఆ ఏడు టోర్నమెంటు ఫైనల్ వాళ్ళ ఊళ్ళోనే పడింది. ఒక పెద్ద జట్టుకు ఆటగాళ్ళను ఎంచే పెద్దమనిషి చూడటానికి వస్తున్నాడని తెలిసింది. ఆయన కంట్లో పడిన పిల్లకు ఆటకు ఆట, ఉద్యోగానికి ఉద్యోగం.

నీలవేణి నాన్న చెన్నప్ప మగ్గం నేస్తాడు. ఆ మాట చెవిన పడగానే పొద్దున్నే మునీంద్ర ఇంటికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మునీంద్రా, నా కూతురు ఆడలేదా? ఉన్నదున్నట్టు చెప్పు."

"బాగా ఆడుతుంది మామా. ఆ చేతులు అందరికీ రావు."

"మరి బెంచీ మీద కూర్చున్న పిల్లను ఆ వచ్చేటాయన ఎట్ల చూస్తాడప్పా? సారుకు చెప్పేంత మనిషిని కాను నేను. నువ్వైతే ఆయన చేతుల్లో పెరిగినోడివి."

మునీంద్రకు కాదనడానికి నోరు రాలేదు. అతనికీ లోపల అదే బాధ. "మాట్లాడతా మామా," అన్నాడు.

ఆయన చేతుల్లో పెరగడం వేరు, ఆయనను అడగడం వేరు. ఆఫీసుకు పోవాల్సినవాడు ముందు మైదానానికి పోయాడు.

సారు వంగి సున్నం గీత వేస్తున్నాడు. పిల్లలు అవతల ఒళ్ళు సాగదీసుకుంటున్నారు.

"సార్, ఫైనల్లో నీలవేణిని దింపుదాం."

సారు చెయ్యి ఆగలేదు. "ఎందుకు?"

"మంచి లిఫ్టర్ సార్. ఎస్తేరు కంటే మంచి లిఫ్టర్."

"ఎట్ల తెలిసె నీకు?"

"రోజూ చూస్తాండా కదా సార్."

"చూస్తాండావు." సారు గీతను మూల దాకా తీసుకుపోయి, నడుము పట్టుకుని లేచి నిలబడ్డాడు. "కొట్టినావా?"

మునీంద్రకు అర్థం కాలేదు.

"వాళ్ళు ఎత్తిన బంతి ఎప్పుడన్నా కొట్టినావా అని అడుగుతాండా. చెప్పులు విడువు."

"సార్, నా మోకాలు..."

"మోకాలు సంగతి మోకాలు చూసుకుంటాది. విడువు."

మునీంద్ర చెప్పులు విడిచి, ప్యాంటు కాళ్ళు మడిచాడు. పిల్లలకు పండగైంది. మునీంద్రన్న స్మాష్ కొడతాడంట అని ఒకరినొకరు పిలుచుకుని నెట్టు చుట్టూ చేరారు. జట్టులో పెద్ద స్మాషర్ రమీజా అయితే ముందుకొచ్చి నేల మీదే కూర్చుంది.

సారు బంతి తీసుకుని నీలవేణి వైపు విసిరాడు.

నీలవేణికి చిన్నప్పటినుంచి విన్న మునీంద్రన్నకు బంతి ఇవ్వడమంటే సంబరం. ఉన్న విద్యంతా చూపించింది. మొదటి బంతి నడుము తిప్పి ఇచ్చింది. అది ఎంత అందంగా వచ్చిందంటే మునీంద్ర చూస్తూ ఉండిపోయి అర క్షణం ఆలస్యంగా ఎగిరాడు. బంతి నెట్టుకు తగిలింది. రెండోది తల మీదుగా వెనక్కి వచ్చింది. అటు పరిగెత్తి, ఆగి, పక్కకు ఒరిగి కొట్టాడు. గీత దాటి పడింది. ఆ తర్వాత ఒకటి మాత్రం సరిగ్గా చేతికి చిక్కింది. ఆ దెబ్బకు పిల్లలు కేకలు పెట్టారు. దాని వెనకే మళ్ళీ రెండు నెట్టులో పడ్డాయి. చాలించమని సారు చెయ్యి ఎత్తేసరికి మునీంద్ర వంగి మోకాలు పట్టుకుని ఉన్నాడు.

"ఎస్తేరూ, రామ్మా," అన్నాడు సారు.

ఎస్తేరు వచ్చి నెట్టు దగ్గర నిలబడింది. పాత పరికిణీ గుడ్డతో వేళ్ళు తుడుచుకుంది. "అన్నా, ఎట్ల ఇయ్యమంటావు?"

"నీ ఇష్టం."

బంతి లేచింది. మునీంద్ర ఎగిరాడు. బంతి ఉంది. కొట్టాడు. ఆ చప్పుడు మిల్లు గోడకు తగిలి తిరిగొచ్చింది.

మళ్ళీ ఎగిరాడు. మళ్ళీ ఉంది.

దాని తర్వాత ఎన్ని కొట్టాడో అతనికి తెలియదు. ఎటు పరిగెత్తాలి, ఎప్పుడు లేవాలి అన్న ఆలోచనే రాలేదు. గాలిలో చెయ్యి ఎక్కడికి పోతే అక్కడ బంతి. పిల్లలు ప్రతి దెబ్బకూ చప్పట్లు కొట్టారు. నీలవేణి కూడా కొట్టింది. ఎవరూ ఎస్తేరు వైపు చూడలేదు. మునీంద్ర కూడా చూడలేదు.

చివరికి రొప్పుతూ, చిన్నపిల్లాడిలా నవ్వుకుంటూ సారు దగ్గరికి వచ్చాడు.

"చూసినారా సార్! నాలో ఆట ఇంకా పోలేదు. మొదట ఒళ్ళు బిగుసుకొని ఉండె, వేడెక్కేకొద్దీ చూడండి ఎట్ల వచ్చిందో!"

సారు అతన్ని ప్రేమగా చూశాడు. "బాగా కొట్టినావు. మోకాలు?"

"నొప్పే లేదు సార్!"

"మంచిది." సారు బంతిని చంకలో పెట్టుకున్నాడు. మామూలుగా అడిగాడు. "అనంతపురంలో ఆ ఆఖరి బంతి నీకు ఎవరు ఎత్తినారు?"

మునీంద్ర నోరు తెరిచాడు. పేరు రాలేదు.

ఆ రోజు అతనికి కళ్ళ ముందే ఉంది. పడమటి ఎండ, ఎగిరిపడుతున్న షామియానా అంచు, నెట్టుకు అవతల తన ఎదురుగా ఎగిరిన మీసాల మనిషి, తన అరచెయ్యి మండటం, ఆ తర్వాత జనం భుజాల మీద తను. అన్నీ ఉన్నాయి. కానీ ఆ బంతి మాత్రం ఎవరి చేతుల్లోంచీ రాలేదు. తన కోసమే ముందునుంచీ అక్కడ వేలాడుతున్నట్టు గాలిలో నిలబడి ఉంది.

"గుర్తు రాలేదా?" అన్నాడు సారు. "రానీలే. వచ్చినాంక నీలవేణి సంగతి మాట్లాడదాం."

మళ్ళీ వంగి సున్నం బుట్ట అందుకున్నాడు.

ఆ రోజంతా మునీంద్ర ఆఫీసులో ఏం చేశాడో అతనికే తెలియదు. ఎదుటివాళ్ళ మాటలు సగమే వినిపించాయి. తనతో ఆ ఫైనల్ ఆడినవాళ్ళను ఒక్కొక్కరినీ తలుచుకున్నాడు. సర్వీసు చేసినవాడు తెలుసు. వెనక గీత దగ్గర దొర్లి బంతి కాపాడినవాడు తెలుసు. నెట్టు పక్కన ఒకడుండాలి. ఆ చోట ముఖం లేదు. తనమీద తనకే ఒకలాంటి భయం వేసింది.

సాయంత్రం ఇంటికి పోతూ బస్టాండు దగ్గర ఆగాడు. టీ అంగడి బెంచీ మీద ఎవరో జరిగి చోటిచ్చారు. ఊరికి కొత్తగా వచ్చిన బ్యాంకు మనిషికి అంగడాయన మునీంద్రను చూపిస్తూ అనంతపురం కథ మొదలుపెట్టాడు. మునీంద్ర తల వంచుకుని టీ తాగుతున్నాడు. ఎప్పుడూ తియ్యగా ఉండే ఆ కథ ఆ రోజు ఇంకెవరి గురించో చెబుతున్నట్టు ఉంది.

అంతలో మైకు గరగరలాడింది. పులివెందుల పోయే బస్సు వచ్చి నిలబడిందని, ఎక్కేవాళ్ళు ఎక్కాలని ఒక గొంతు చెప్పింది.

మునీంద్ర చేతిలో గ్లాసు ఆగిపోయింది.

అదే గొంతు. అనంతపురంలో 'మునీ, నీకే!' అని అరిచిన గొంతు. ప్రతి బంతికీ ముందు అలాగే అరిచేది. ఇన్నేళ్ళుగా రోజూ బస్సుల పేర్లు చెబుతుంటే వింటూనే ఉన్నాడు.

టీ బెంచీ మీద పెట్టి, బస్టాండు లోపలికి నడిచాడు. కిటికీ వెనక బాల ఓబన్న మైకు ఆపి, కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. ఆర్టీసీలో కంట్రోలర్. జుట్టు నెరిసింది. మునీంద్రను చూసి నవ్వాడు.

"ఏం మునీంద్రా, యాడికి పోవాల?"

"యాడికీ లేదు. ఓబన్నా, అనంతపురంలో నాకు ఆఖరి బంతి ఎత్తింది నువ్వే కదా?"

ఓబన్న కళ్ళజోడు పెట్టుకుని అతన్ని తేరిపార చూశాడు. "ఇప్పుడెందుకప్పా అది?"

"నువ్వే కదా?"

"నేనే. లిఫ్టర్ని నేను కాక ఇంకెవరు ఎత్తాల?" అని నవ్వాడు. "ఆ పొద్దు నీ ఎడమ కాలు బెణికిండె. ఎప్పుడూ ఇచ్చేంత ఎత్తులో ఇస్తే నీకు అందదని రెండు వేళ్ళు కిందికి ఇచ్చినా. నువ్వు భలే కొట్టినావులే."

"కాలు బెణికిందని నేను ఎవరికీ చెప్పలేదే. సారుకు కూడా చెప్పలేదు. దించేస్తాడని."

"చెప్పేదేముంది? నువ్వు ఎగిరి నేలమీదికి దిగేటప్పుడు చూస్తాంటి కదా. నాకు వేరే పనేముంది ఆడ?"

కిటికీ అవతల ఒక ముసలామె నంద్యాల బస్సు గురించి అడిగింది. ఓబన్న ఆమెకు ఓపికగా చెప్పి, బస్సు నిలబడే చోటు చేత్తో చూపించి, మళ్ళీ ఇటు తిరిగాడు.

"ఇన్నేండ్లలో నువ్వు ఒక్క మాట అనలేదు ఓబన్నా," అన్నాడు మునీంద్ర. "ఆ అంగట్లో ఆ కథ ఎన్నిసార్లు చెప్పుకున్నామో. నువ్వు ఈడ కూర్చుని వింటానే ఉంటివి."

"ఏమని అనేది? వినేకి బాగుంటాది నాకు కూడా. నువ్వట్ల లేచి కొడతాంటే నాకు కడుపు నిండేది మునీ."

మునీంద్ర కిటికీ చువ్వల మధ్యనుంచి చెయ్యి లోపలికి పెట్టి ఓబన్న చెయ్యి పట్టుకున్నాడు. ఓబన్న అతని చేతిని ఒకసారి గట్టిగా నొక్కి వదిలేశాడు. "బస్సొచ్చె. చెప్పాల," అని మైకు దగ్గరికి లాక్కున్నాడు.

మర్నాడు మైదానానికి వచ్చిన మునీంద్ర నేరుగా ఎస్తేరు దగ్గరికి పోయాడు. ఆమె నెట్టు తాడు బిగిస్తోంది.

"నిన్న నాకు బంతి మామూలుగా ఇచ్చేదానికంటే కిందికి ఇచ్చినావు కదమ్మా?"

ఎస్తేరు ముఖం చిన్నబోయింది. "తప్పా అన్నా? నువ్వు కుడి కాలు కాపాడుకుంటాండావు. పైకి ఇస్తే ఎగరాల్సొస్తాదని..."

"తప్పు కాదు. తప్పు కాదమ్మా." ఇంకా చాలా చెప్పాలనుకున్నాడు. తాడు రెండో కొస తను పట్టుకుని బిగించాడు.

సారు దూరంనుంచి చూస్తూనే ఉన్నాడు. మునీంద్ర దగ్గరికి వచ్చాక అడిగాడు. "గుర్తొచ్చినాదా?"

"వచ్చింది సార్."

"మరి నీలవేణి సంగతి?"

"మీ ఇష్టం సార్."

"చెన్నప్ప నిన్ను కదా పంపింది. పోయి నువ్వే చెప్పు."

ఫైనల్‌కు దిగమన్నా మునీంద్ర అంత భయపడేవాడు కాదు. అయినా పోయాడు. చెన్నప్ప మగ్గం గుంతలో కూర్చుని ఉన్నాడు. మునీంద్ర చెప్పింది విన్నాడు. మళ్ళీ నేయడం మొదలుపెట్టాడు. ఆ చప్పుడు వీధి మలుపు దాకా మునీంద్ర వెంట వచ్చింది.

ఫైనల్ రోజు మిల్లు గోడ మీద కూడా జనమే. షామియానా కింద కుర్చీలో ఆ పెద్దమనిషి కూర్చున్నాడు. అవతలి జట్టు పిల్లలు పొడుగ్గా, గట్టిగా ఉన్నారు. ఎస్తేరు దిగింది. నీలవేణి బెంచీ మీద కూర్చుంది.

మొదటి సెట్టు పోయింది. "నీలవేణి, నీలవేణి" అని గోడ మీదనుంచి అరుపులు మొదలయ్యాయి. ముసలోడికి కళ్ళు కనపడ్డం లేదా అని కూడా ఎవరో అన్నారు. సారు ఆ వైపు చూడలేదు. మునీంద్ర వైపు మాత్రం తిరిగి, "ఏమంటావు?" అన్నాడు.

మునీంద్ర జనంలో చెన్నప్పను చూశాడు. చెన్నప్ప అతన్నే చూస్తున్నాడు.

"ఎస్తేరే ఉండనీ సార్," అన్నాడు మునీంద్ర.

తర్వాత పోయి నీలవేణి పక్కన కూర్చున్నాడు. ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళు. కోపంగా తుడుచుకుంటోంది.

"అన్నా, నాకేం తక్కువ?"

"ఏమీ తక్కువ లేదు."

"మరి?"

చెప్పాలంటే బోలెడుంది. కానీ తనకు మాత్రం ఎవరు చెబితే తెలిసింది?

"ఈ సెట్టంతా బంతిని చూడొద్దు," అన్నాడు చివరికి. "రమీజాను చూడు. బంతి తన దగ్గర లేనప్పుడు చూడు."

నీలవేణి మూతి తిప్పుకుంది. కాసేపు మొండిగా నేల చూసింది. ఆ తర్వాత తల ఎత్తింది.

రెండో సెట్టు గెలిచారు. మూడోదీ గెలిచారు. రమీజా కొడుతుంటే జనం నీలవేణిని మరిచిపోయి రమీజా పేరు అరవడం మొదలుపెట్టారు. పెద్దమనిషి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. నాలుగో సెట్టు మధ్యలో ఎస్తేరు నెట్టు దగ్గర చేతులెత్తి ఎగిరినప్పుడు అవతలి స్మాష్ నేరుగా వేళ్ళకు తగిలింది. ఆమె చెయ్యి ఒళ్ళోకి లాక్కుని కూలబడింది. ఉంగరం వేలు చూస్తుండగానే ఉబ్బింది.

"నీలవేణీ," అన్నాడు సారు. అంతకు మించి ఏమీ చెప్పలేదు.

నీలవేణి లేచేసరికి మైదానం దద్దరిల్లింది. అందరూ ఆ తల వెనక బంతి కోసం, ఒంటిచేతి బంతి కోసం ఎదురు చూశారు. మొదటి బంతి ఆమె చేతుల్లోకి వచ్చింది. నీలవేణి దాన్ని నేరుగా, మామూలుగా, కాస్త తక్కువ ఎత్తులో రమీజాకు ఇచ్చింది. రమీజా కొట్టింది. బంతి నేల తాకింది. ఒక్క ఈల కూడా వినపడలేదు.

ఆ సెట్టు అప్పటికే చెయ్యి జారింది. ఐదో సెట్టు ఇద్దరి మధ్యా తాడు లాగినట్టు సాగింది. నీలవేణి అవసరమైన చోట తల వెనక్కి కూడా ఇచ్చింది, కానీ ఈలల కోసం కాదు, అవతలివాళ్ళను మోసం చేయడానికే ఇచ్చింది. చివరి బంతి ఎంతసేపు గాలిలో ఉందో. రమీజా తన బలమంతా పెట్టి కొట్టిన దాన్ని అవతలి పిల్ల ఒకతె నేలమీద దొర్లి లేపింది. తిరిగొచ్చిన బంతి మనవాళ్ళ మధ్య ఖాళీలో పడింది.

ఓడిపోయారు.

జనం గొణుక్కుంటూ కదిలారు. చెన్నప్ప వాళ్ళను తోసుకుంటూ సారు ముందుకు వచ్చాడు. ముఖం ఎర్రబడింది.

"సార్, మొదట్నుంచీ నా కూతురు ఆడింటే గెలిచేటోళ్ళం."

సారు తల ఊపాడు. "గెలిచేటోళ్ళమేమో చెన్నప్పా."

చెన్నప్ప ఇంకా ఏదో అందామని వచ్చాడు. సారు అతని భుజం మీద చెయ్యి వేసి, "చివర్లో ఎంత బాగా ఆడింది నీ బిడ్డ! చూసినావా?" అన్నాడు. చెన్నప్ప కళ్ళు కిందికి దించుకుని, చూసినానన్నట్టు తల ఆడించాడు.

పెద్దమనిషి రమీజాను పిలిపించి, శిక్షణకు రమ్మని చెప్పాడు. నీలవేణిని కూడా పిలిచి ఏం చదువుతున్నావని అడిగి, వచ్చే ఏడు మళ్ళీ చూస్తానన్నాడు. ఎస్తేరును ఎవరూ పిలవలేదు.

ఎస్తేరు బెంచీ చివర కూర్చుని, సోడా బండి దగ్గర తెచ్చిన ఐసు నీళ్ళ గ్లాసులో వేలు ముంచుకుని ఉంది. వాళ్ళ అమ్మ చేతులు చాచి పిలుస్తున్నా ఆగకుండా రమీజా వచ్చి ఎస్తేరు ముందు మట్టిలో కూలబడింది. ఆమె మంచి చెయ్యి పట్టుకుని తన కళ్ళకు అద్దుకుంది. ఏడుపు ఆగడం లేదు.

"ఏయ్, నీళ్ళు ఒలుకుతాయే," అంది ఎస్తేరు. అంటూ తనూ ఏడ్చింది, నవ్వింది.

నీలవేణి మునీంద్ర పక్కకు వచ్చి నిలబడింది. ఇద్దరూ వాళ్ళనే చూస్తున్నారు.

"అన్నా, రమీజా మూడో సెట్టు నుంచి ఎడమ కాలు ఈడుస్తాండె. ఎవరూ కనిపెట్టలేదు, ఎస్తేరక్క మాత్రం చూసింది," అంది నీలవేణి. "నేను కూడా చూసినా."

మునీంద్ర ఆమె తల నిమిరాడు.

పొద్దు గూకింది. జనం పోయారు. షామియానా విప్పేవాళ్ళు గుంజలు పీకుతున్నారు. ఊళ్ళోంచి మగ్రిబ్ నమాజుకు పిలిచే అజాన్ వినిపించింది. సారు కాళ్ళు చేతులు కడుక్కుని, మైదానం మూల తువ్వాలు పరుచుకుని నమాజు చేశాడు. మునీంద్ర నెట్టు విప్పి చుట్టి, కాస్త దూరంగా కూర్చున్నాడు.

నమాజు అయ్యాక సారు రెండు చేతులూ ఎత్తి పట్టుకున్నాడు. పెదవులు మెల్లగా కదులుతున్నాయి. ఎప్పుడూ అంతసేపు పట్టేది కాదేమో, పట్టినా మునీంద్ర గమనించలేదేమో. చీకటి పడుతున్నా ఆ చేతులు దిగలేదు.

చివరికి సారు అరచేతులతో ముఖం తుడుచుకున్నాడు.

"ఏం అడిగినారు సార్ అంతసేపు?"

"అడిగేదేముంది నాయనా. పేర్లు చెప్పుకుంటాంటి."

"ఎవరివి?"

"నాకు బంతి ఎత్తినోళ్ళవి. ముసిలోన్నైతి. ఒకరిద్దరు మరుపుకొస్తారేమోనని రోజూ మొదట్నుంచి చెప్పుకుంటా." పక్కకు జరిగి, తువ్వాలు దులిపి మడతపెట్టాడు. "నీ పేరు కూడా ఉండాది."

"నా పేరెందుకు సార్? నేనెన్నడూ బంతి ఎత్తలేదు. కొట్టేవాణ్ణి కదా."

సారు నవ్వాడు. నేలమీద కూర్చునే, లేవడానికి చెయ్యి చాచాడు.

మునీంద్ర ఆ చెయ్యి అందుకుని ఆయన్ను మెల్లగా పైకి ఎత్తాడు.